రాళ్ల పటం: బుదైయా గుంత నుంచి మన ఊరి బోరు దాకా

ఈ వారం ఎపిసోడ్‌లో నేను మాట్లాడింది ఇక్కడ రాతలో పెడుతున్నా. మాటల్లో తేదీలు, లెక్కలు కొన్ని జారిపోయినయి. వాటిని కూడా సరిచేసి కలిపిన.

నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసినోణ్ణి. మాది జగిత్యాల దిక్కు పల్లె. బహ్రెయిన్‌కి వచ్చి చాన్నాళ్లయింది, ఇప్పుడు బుదైయా దగ్గర సైట్ మీద సూపర్‌వైజర్‌ని. జియాలజీ నా చదువు కాదు. ఒక గుంత వల్ల ఇందులో పడ్డా.

బుదైయా అంటే ఈ ద్వీపానికి వాయవ్య మూల, సముద్రం ఒడ్డు. ఒకప్పుడు ముత్యాల వేట మీద బతికిన ఊరు. మనామా నుంచి బుదైయా రోడ్డు పట్టుకొని వస్తుంటే రెండు పక్కలా ఖర్జూరం తోటలు కనబడతయి. ఎడారి దేశంలో ఈ పచ్చదనం ఎక్కడిదని వచ్చిన కొత్తలో నేను కూడా అనుకున్నా.

ఒకరోజు విల్లా పునాదికి గుంత తవ్వుతున్నం. ఒకటిన్నర మీటరు కూడా పోలేదు, నీళ్లు ఊరుకుంటూ వచ్చినయి. డీవాటరింగ్ పంపు పెట్టినం. మా దగ్గర రాయచోటి తమ్ముడు ఒకడున్నడు, హెల్పర్. నీళ్లు చూసి గుంత అంచున కూలబడ్డడు.

"ఏమైందిరా తమ్మీ?" అన్న.

"ఏం లేదన్నా. ఈడ నాలుగడుగులు తవ్వితే నీళ్లు అడ్డమొచ్చాండాయని పంపు పెట్టి బయటికి తోస్తాండాము. మా నాయిన ఆరొందల అడుగులు తోలిచ్చినా దుమ్మే లేసింది. నేను పంపిన దుడ్లంతా ఆ దుమ్ములోనే పాయ."

నాకు నవ్వు రాలేదు. మా బాపు కూడా మూడు బోర్లు వేయించిండు. రెండు వట్టివి. మూడోదాంట్లో రెండేండ్లు ఇంచు నీళ్లొచ్చి ఆగిపోయినయి. నా రెండు సంవత్సరాల ఓవర్‌టైమ్ ఆ మూడు బొక్కల్లో ఉంది. ఇది చదివేటోళ్లలో ఎంతమందికి ఇదే కథో మీకే తెలుసు.

ఆ సాయంత్రం కన్సల్టెంట్ ఇంజనీరు దగ్గర సాయిల్ రిపోర్టు తిప్పి చూసిన. దాని వెనక ఒక రంగుల పటం అతికించి ఉంది. బహ్రెయిన్ ద్వీపం కోడిగుడ్డు ఆకారంలో, వలయాలు వలయాలుగా రంగులు. "ఇది ఏంది సార్?" అంటే "కింద ఏ రాయి ఉందో చెప్పే పటం" అన్నడు. మా ఊరికి కూడా ఇట్లాంటిది ఉంటుందా అని అడిగిన. ఆయన ఫోన్‌లో వెతికి రెండు నిమిషాల్లో నా ముందు పెట్టిండు. ఆ రెండు నిమిషాల వెనక రెండొందల ఏళ్ల పని ఉంది. ఆ పని కథే ఇది.

రాళ్ల పటం అంటే ఏంది

మామూలు పటంలో రోడ్లు, ఊర్లు, వాగులు ఉంటయి. రాళ్ల పటంలో, అంటే భూగర్భ పటంలో, మట్టి పొర తీసేస్తే కింద ఏ రాయి ఉందో రంగుల్లో చూపిస్తరు. గ్రానైట్‌కి ఒక రంగు, సున్నపురాయికి ఒకటి, ఇసుకరాయికి ఒకటి. పొరలు ఏ దిక్కుకు వాలినయో, ఎక్కడ పగుళ్లున్నయో గీతలు గుర్తులు పెడతరు. నీళ్లు, బొగ్గు, నూనె, సిమెంటు రాయి దొరికేది ఎక్కడ, పునాది నిలబడేది ఎక్కడ అన్నదంతా ఆ రంగుల నుంచే మొదలవుతుంది.

ఒక దేశం మొత్తానికి ఇట్లాంటి పటం మొదట గీసిన మనిషి పెద్ద చదువులు చదివినోడు కాదు. ఇంగ్లాండ్‌లో కమ్మరి కొడుకు విలియం స్మిత్. బొగ్గు పడవల కోసం కాలువ తవ్వే పనిలో సర్వేయర్. అంటే మనలాగే సైట్ మనిషి. తవ్విన కట్‌లో పొరలు ఎప్పుడూ ఒకే వరుసలో వస్తున్నయని, ఒక్కో పొరలో ఒక్కో రకం శిలాజాలున్నయని పట్టుకున్నడు. ఊరూరా తిరిగి 1815లో ఇంగ్లాండ్, వేల్స్, స్కాట్లాండ్‌లో కొంత భాగానికి పటం అచ్చు వేయించిండు. పేరొచ్చిందా? రాలేదు. అప్పులపాలై 1819లో జైలుకు పోయిండు. 1820లో లండన్ పెద్దమనుషుల జియలాజికల్ సొసైటీ నుంచి గ్రీనో అనే ఆయన పోటీ పటం తెచ్చిండు. స్మిత్ పనిని వాడుకున్నడని అప్పుడే మాట పడింది. సొసైటీ స్మిత్‌ని గౌరవించింది 1831లో. ఈ గ్రీనో పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తడు.

మన దగ్గర మొదలైంది హైదరాబాద్‌లోనే

ఇండియాలో రాళ్ల సర్వే అంటే చాలామంది కలకత్తా అనుకుంటరు. కానీ తొలి అడుగుల్లో ఒకటి హైదరాబాద్ రాజ్యంలో పడింది. లాంబ్టన్ దొర దేశాన్ని త్రిభుజాలుగా కొలుస్తున్న పెద్ద సర్వేలో హెన్రీ వాయ్‌సీ అనే డాక్టరు చేరిండు. ఒకవైపు సర్వే మనుషులకు మందులివ్వడం, ఇంకోవైపు దారిలో రాళ్లు చూసి రాసుకోవడం. హైదరాబాద్ చుట్టుపక్కల రాళ్ల మీద నివేదిక, పటం తయారు చేసింది ఆయనే. 1824లో చనిపోయిండు. భారత భూగర్భ శాస్త్రానికి పితామహుడని ఆయన్ని అంటరు.

తర్వాత 1854లో మన దేశం మొత్తానికి ఒక పెద్ద పటం వచ్చింది. గీసింది ఎవరు? లండన్‌లో కూర్చున్న ఆ గ్రీనోనే. ఇండియాలో కాలు పెట్టకుండా, ఇక్కడి నుంచి వచ్చిన ఉత్తరాలు, నివేదికలు కలిపి గీసిండు. సైట్ చూడకుండా డ్రాయింగ్ గీస్తే ఎట్లుంటదో మనకు తెలియంది కాదు. కానీ ఒక మాట ఒప్పుకోవాలె. ముక్కలు ముక్కలుగా ఉన్న సమాచారాన్ని ఒకే కాగితం మీద పెట్టాలనే ఆలోచన అందులో ఉంది.

అసలు కొలత పని మొదలైంది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాతో. 1851లో థామస్ ఓల్డ్‌హామ్ కలకత్తాలో దిగిండు. కంపెనీ సర్కారుకు కావలసింది శాస్త్రం కాదు, ఆవిరి పడవలకు, రైళ్లకు బొగ్గు. బొగ్గు ఎక్కడుందో తెలియాలంటే ముందు రాళ్లన్నీ తెలియాలె. అట్లా పటం పని సాగింది.

తెలుగు నేలను ఎక్కువగా నడిచింది విలియం కింగ్. కడప, కర్నూలు రాళ్ల మీద ఆయన పుస్తకం 1872లో వచ్చింది. ఆ రాళ్లకు పెట్టిన 'కడప', 'కర్నూలు' పేర్లు ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నరు. మన ఇళ్లల్లో వంట గట్టు మీద వేసే కడప బండ అక్కడిదే. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించింది కూడా కింగే. అదే సింగరేణికి మొదలు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. గనిలో పనిచేసినోళ్లు ఇంట్లో ఉంటే అడగండి, 'కింగ్ సీమ్' అంటే వెంటనే చెప్తరు. ఆ బొగ్గు పొరకు ఆయన పేరే పెట్టిండ్రు.

1877లో సర్వే వాళ్లు దేశం మొత్తానికి తమ మొదటి పటం వేసిండ్రు. అంగుళానికి 64 మైళ్లు. ఆ స్కేల్‌లో మన జిల్లా అంటే బొటనవేలు గోరంత కూడా రాదు.

గోంగూర, పుంటికూర గొడవ

ఒక దేశానికి ఒక పటం అనేది చెప్పినంత తేలిక కాదు. మా క్యాంపు వంటింట్లో ఒకసారి రాయచోటి తమ్ముడు "గోంగూర పప్పు చేద్దాం" అన్నడు, మా కోరుట్ల పిల్లగాడు "నాకు పుంటికూర కావాలె" అన్నడు. ఇద్దరూ పది నిమిషాలు వాదించుకొని సంచి తీస్తే ఒకటే ఆకు. వాడు సొరకాయ అంటే వీడు అనపకాయ.

రాళ్లకు కూడా ఇదే తంటా. ఒక షీట్ మీద పనిచేసినాయన ఒక పేరు పెడతడు. పక్క షీట్ ముప్పై ఏళ్ల తర్వాత ఇంకొకాయన చేస్తడు, అదే రాయికి వేరే పేరు, వేరే రంగు. రెండు షీట్లు పక్కపక్కన పెడితే గీత దగ్గర రాయి టక్కున మారిపోయినట్టు కనబడుతుంది. భూమిలో అట్లాంటి గీత ఉండదు. అది ఇద్దరు మనుషుల మధ్య గీత.

పేర్లు పుట్టిన తీరు కూడా చిత్రమే. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే దొర సమాధి రాయిని చూసి హాలండ్ అనే శాస్త్రవేత్త 'చార్నోకైట్' అని పేరు పెట్టిండు. ఆ రాయి కలకత్తాది కాదు, మద్రాసు కొండల నుంచి పోయింది. 1902లో వాకర్ అనే ఆయన ఖోండు గిరిజనుల పేరు మీద 'ఖోండలైట్' అన్నడు. విశాఖ కొండలు, సింహాచలం కొండ ఆ రాయే. ఇట్లా ఒక్కో పేరు ఒక్కో దిక్కు నుంచి వచ్చింది.

దీనికి తోడు రాజ్యాల గీతలు. బ్రిటిష్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక సర్వే. నిజాం రాజ్యానికి తన సొంత హైదరాబాద్ జియలాజికల్ సర్వే. మైసూరు రాజ్యానికి 1894 నుంచి వేరే జియాలజీ శాఖ. తుంగభద్రకు, కృష్ణకు అటూ ఇటూ ఒకే గ్రానైట్. కానీ పటాలు రెండు దఫ్తర్లలో. 1948లో హైదరాబాద్ ఇండియాలో కలిసింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మనుషుల గీతలు అట్లా మారినయి. పటాల మీద గీతలు కలపడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. పాత షీట్లు అంగుళానికి మైలు లెక్కన ఉన్నయి, మెట్రిక్ వచ్చినంక 1:50,000 కి మార్చాలె. పేర్లు ఒక పద్ధతికి తేవాలె, అనుమానం ఉన్నచోట మళ్లీ పోయి నడవాలె. 1998లో దేశపటం ఏడో ముద్రణ వచ్చింది, స్కేల్ 1:20 లక్షలు.

రంగుల గొడవ ప్రపంచమంతా ఉండేది. 1881లో ఇటలీలోని బొలోన్యాలో దేశదేశాల జియాలజిస్టులు కూడి, ఏ కాలపు రాయికి ఏ రంగు అనేదాని మీద ఒక ఒప్పందానికి వచ్చిండ్రు. యూరప్ మొత్తానికి ఒకే పటం వేయాలని కూడా అనుకున్నరు. ఆ రంగుల సంప్రదాయమే సవరణలతో ఇప్పటికీ నడుస్తుంది. బహ్రెయిన్ పటం రంగులు చూసిన కన్నుతో నేను మా ఊరి పటం కొంతైనా చదవగలిగినా అంటే, ఆ ముసలాళ్ల పుణ్యమే.

కలకత్తా మనిషి బహ్రెయిన్‌కి వచ్చిండు

ఇక ఇక్కడి సంగతి. బహ్రెయిన్ రాళ్లను మొదట చదివిన జియాలజిస్టు ఎక్కడి నుంచి వచ్చిండో తెలిసినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నా. కడప రాళ్లను, సింగరేణి బొగ్గును చూసిన అదే కలకత్తా దఫ్తరు నుంచే. పేరు గై పిల్‌గ్రిమ్, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగి. 1904–05లో గల్ఫ్ తీరమంతా తిరిగిండు, 1908లో ఆ సర్వే వాళ్ల గ్రంథమాలలోనే నివేదిక అచ్చయింది. అప్పట్లో గల్ఫ్ వ్యవహారాలు బ్రిటిష్ ఇండియా సర్కారే చూసుకునేది, ఇక్కడ రూపాయే చెల్లేది. ఇండియా నుంచి గల్ఫ్‌కి పనికి వచ్చినోళ్ల వరుసలో సుత్తి పట్టుకొని వచ్చిన ఆయన్ని కూడా లెక్కేసుకోవచ్చు.

పిల్‌గ్రిమ్ చూసింది ఏందంటే, ఈ ద్వీపం ఒక గుమ్మటం. అడుగు నుంచి తోసినట్టు సున్నపురాయి పొరలు పైకి ఉబ్బినయి. నడుమ గాలికి, వానకు అరిగి పళ్లెంలా పడిపోయింది, ఆ పళ్లెం మధ్యలో నిలబడ్డది జెబెల్ దుఖాన్ గుట్ట. ఎత్తు 130 మీటర్ల పైచిలుకు, దేశంలో అదే ఎత్తైన చోటు. పటంలో రంగులు గుడ్డు చుట్టూ వలయాల్లా ఉండడానికి కారణం అదే.

నూనె ఉబ్బిన పొరల కిందే చేరుతుంది. కానీ అందరూ నమ్మలేదు. 1924లో ఆర్నాల్డ్ హైమ్ అనే స్విస్ జియాలజిస్టు ఈ దిక్కంతా చూసి, ఆశ పెట్టుకోవద్దన్నట్టే చెప్పిండు. ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజిలాండ్ మనిషి మాత్రం వదల్లేదు. ముందు షేక్ హమద్ కోసం నీళ్ల బోర్లు వేసిండు. తియ్యని నీళ్లు పడ్డయి. ఆ మంచిపేరుతోనే 1925 డిసెంబర్‌లో నూనె వెతికే హక్కు దొరికింది. అంటే ఇక్కడ కూడా కథ నీళ్ల బోరుతోనే మొదలైంది అన్నట్టు. 1931 అక్టోబర్‌లో జెబెల్ దుఖాన్ కింద మొదటి బావి మొదలుపెట్టిండ్రు, 1932 జూన్‌లో సుమారు 2,000 అడుగుల దగ్గర నూనె తగిలింది. గల్ఫ్‌కి ఈ అరబ్ ఒడ్డున అదే మొదటిది.

ఆ బావికి చోటు చూసిన అమెరికన్ జియాలజిస్టుల్లో ఫ్రెడ్ డేవిస్ ఒకరు. 1930లో ఈ గుట్ట మీద నిలబడి పడమర చూస్తే సముద్రానికి అవతల దహ్రాన్ దగ్గర ఇట్లాంటి గుట్టలే కనబడ్డయి. అదే సున్నపురాయి, అదే ఉబ్బు. 1933లో ఆ కంపెనీ సౌదీలో హక్కులు తీసుకుంది, 1938లో దమ్మామ్ ఏడో నంబర్ బావిలో నూనె పడింది. రాయికి వీసా అక్కర్లేదు, సముద్రం అడుగు నుంచి ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ ఒకటే పొర. మనలో లక్షల మంది గల్ఫ్‌కి రావడానికి మూలం వెతికితే, గుట్ట మీద నుంచి చూసిన ఆ చూపు కూడా కనబడుతుంది.

అరేబియా ద్వీపకల్పం మొత్తానికి ఒకే రాళ్ల పటం 1963లో వచ్చింది. సౌదీ సర్కారు, అమెరికా జియలాజికల్ సర్వే, అరామ్‌కో కలిసి చేసిన పని, స్కేల్ 1:20 లక్షలు. దేశాల సరిహద్దులు ఉన్నా రంగులు వాటిని దాటి పోతయి.

ఉప్పు, సిమెంటు, ఎండిన ఊటలు

మన పనికి దగ్గరైన పటం తర్వాత వచ్చింది. 1970ల్లో నూనె ధర పెరిగి బహ్రెయిన్‌లో కట్టుబడి ఊపందుకుంది. కంకర కావాలె, ఇసుక కావాలె. అదే సమయంలో కట్టిన కొద్ది ఏళ్లకే గోడల కింది భాగం పొట్టు రాలడం మొదలైంది. 1970ల నడుమ బ్రిటిష్ శాస్త్రవేత్తల బృందం ద్వీపం మొత్తం నడిచి సర్వే చేసింది. బ్రన్స్‌డెన్, డోర్న్‌క్యాంప్, జోన్స్ అనే ముగ్గురు దాన్ని 1980లో పటాలతో సహా పెద్ద పుస్తకంగా తెచ్చిండ్రు.

వాళ్లు చెప్పిన ముఖ్య సంగతి ప్రతి మేస్త్రికి తెలిసి ఉండాలె. తీరం దగ్గర నీళ్లు పైపైనే ఉంటయి, అవి ఉప్పు నీళ్లు. ఎండకు నేల పీల్చి దీపం ఒత్తి లెక్క నీటిని పైకి గుంజుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు రాయిలో, కాంక్రీట్‌లో మిగిలి గడ్డకట్టి ఉబ్బుతుంది. లోపల నుంచి పగలగొడుతుంది. క్లోరైడ్ ఇనుమును తింటుంది, సల్ఫేట్ సిమెంటును తింటుంది. అందుకే ఇక్కడ పునాదికి సల్ఫేట్ తట్టుకునే సిమెంటు, చుట్టూ మెంబ్రేన్, ఇనుము మీద మందం కవర్. నేను వచ్చిన కొత్తలో ఒక చోట తొందరపెట్టి ప్రహరీ పునాదికి మెంబ్రేన్ లేకుండా పోయించిండ్రు. మూడేళ్లకు పోయి చూస్తే మోకాలెత్తు దాకా గోడ పిండి రాలినట్టు రాలుతుంది. ఎక్కడ ఈ ప్రమాదం ఎక్కువో పటం ముందే చెప్పింది, చూసినోడు లేడు.

ఇక బుదైయా పచ్చదనం. సౌదీ లోపలి మెట్ట ప్రాంతాల్లో ఎప్పుడో పడిన వాన సున్నపురాయి పొరల్లో దిగి, సముద్రం కింద నుంచి పాకుతూ ఇక్కడ పైకి వస్తుంది. అందుకే ఈ ఉత్తర తీరంలో ఊటలు. బుదైయా పక్కనే దిరాజ్‌లో ఉమ్ అస్ సుజూర్ ఊట, బార్బార్ గ్రామంలో ఊట చుట్టూ కట్టిన నాలుగు వేల ఏళ్ల నాటి గుడి ఉన్నయి. సముద్రం అడుగున కూడా తియ్యని ఊటలుండేవి. ముత్యాల వేటగాళ్లు మునిగి తోలు సంచుల్లో తాగే నీళ్లు పట్టుకొచ్చేవాళ్లు. బోర్లు వందల్లో పడ్డంక ఒత్తిడి తగ్గింది, ఊటలు ఎండినయి, ఉప్పు నీరు పొరల్లోకి చొరబడింది. పేరున్న అధారీ ఊట కూడా ఎండిపోయింది. ఇప్పుడు మనం తాగేదాంట్లో ఎక్కువ భాగం సముద్రపు నీళ్లు శుద్ధి చేసిందే.

ఇక్కడ ఒకే పటం ఎందుకు కావాలో తెలుస్తుంది. ఆ నీటి పొర సౌదీలో మొదలై బహ్రెయిన్‌లో ముగుస్తుంది. అక్కడ ఎక్కువ తోడితే ఇక్కడ తగ్గుతుంది. ఎవరి ముక్క పటం వాళ్లు చూసుకుంటే ఈ లెక్క ఎవరికీ కనబడదు.

బీరువా నుంచి ఫోన్‌కి

పటాలు తయారైనా చాలా కాలం దఫ్తర్ బీరువాల్లోనే ఉన్నయి. మన దగ్గరైతే తీరం దగ్గరివి, సరిహద్దు దగ్గరివి రక్షణ పేరుతో బయటికి రానిచ్చేవాళ్లు కాదు. మామూలు రైతు పోయి "మా ఊరి షీట్ ఇవ్వండి" అంటే చేతికొచ్చే వస్తువు కాదది.

2007 మార్చిలో ఇంగ్లాండ్‌లోని బ్రైటన్‌లో చాలా దేశాల సర్వే సంస్థలు కూర్చొని 'వన్ జియాలజీ' అనే పని మొదలుపెట్టినయి. ప్రపంచ రాళ్ల పటాన్ని 1:10 లక్షల స్కేల్‌లో అందరికీ తెరిచిపెట్టాలని. 2008లో ఓస్లో సభలో తొలి రూపం చూపించిండ్రు. తర్వాత వందకు పైగా దేశాలు చేరినయి. అందులో తెలివి ఏందంటే, ఎవరి సమాచారం వాళ్ల కంప్యూటర్లలోనే ఉంటుంది, ఎవరూ ఎవరికీ అప్పగించనక్కర్లేదు. కానీ అందరూ ఒకే భాషలో, ఒకే పద్ధతిలో చూపించాలె. దాని కోసం జియోసైఎంఎల్ అనే ఉమ్మడి రాత పద్ధతి తయారు చేసిండ్రు. మన క్యాంపులో ఎవరి పొయ్యి వాళ్లది, కానీ శుక్రవారం ఒకే చాప మీద అన్ని గిన్నెలు పెట్టుకొని తిన్నట్టు. ఇది గోంగూర, అదే పుంటికూర అని ముందే రాసిపెట్టుకుంటే గొడవ ఉండదు.

ఇండియాలో జీఎస్ఐ వాళ్లు 'భూకోశ్' అనే పోర్టల్ పెట్టిండ్రు. పేరు నమోదు చేసుకుంటే పైసా లేకుండా 1:50,000 పటాలు చూడొచ్చు, దించుకోవచ్చు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల మీద పాత ఆంక్షలు చాలా వరకు తీసేసింది. 2023 డిసెంబర్ 19న గనుల శాఖ నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ తెరిచింది. నీళ్ల కోసమైతే కేంద్ర భూగర్భ జల మండలి చేసిన జలపొరల పటాలు, నివేదికలు జిల్లాల వారీగా వేరే ఉన్నయి.

ఒక మాట మాత్రం నిజం చెప్పాలె. తెరిచిపెట్టిండ్రు కానీ ఇంగ్లీషులో పెట్టిండ్రు. తెలుగులో ఆ పేర్లు, ఆ రంగుల అర్థం చెప్పేవాళ్లు తక్కువ. మా బాపు చేతికి ఫోన్ ఇస్తే ఆయనకు అది రంగుల బట్టే. మిగిలిన పని అదే, అది మనలాంటోళ్లు కూడా కొంత చేయొచ్చు.

ఆ పటం నాకు ఏం చెప్పింది

మా జగిత్యాల పల్లె, తమ్ముడి రాయచోటి పల్లె రెండూ తెరిచి చూసినం. రెండూ దగ్గర దగ్గర ఒకే రంగు. గ్రానైట్, దాని చుట్టాలైన రాళ్లు. వయసు 250 కోట్ల ఏళ్ల దరిదాపు. "మనిద్దరిదీ ఒకే రాయన్నా" అన్నడు తమ్ముడు. బుదైయా గుంతలో మా కాళ్ల కింద ఉన్న సున్నపురాయి దాని ముందు పసిపిల్ల, దగ్గర దగ్గర అయిదు కోట్ల ఏళ్లదే.

తేడా అంతా అక్కడే. సున్నపురాయిని నీరు కరిగించి లోపల దారులు చేసుకుంటుంది, స్పాంజి లెక్క నిలుస్తుంది. గట్టి గ్రానైట్‌లో నీటికి చోటు లేదు. పైన మెత్తబడ్డ పొరలో, కింద పగుళ్లలో మాత్రమే ఉంటుంది. లోతుకు పోయిన కొద్దీ పగుళ్లు మామూలుగా తగ్గుతయి, మూసుకుంటయి. "ఇంకో వంద ఫీట్లు పోనియ్, పడతది" అని బోరు బండోడు అన్నప్పుడల్లా మా బాపు తలూపిండు. ఆ వంద ఫీట్ల పైసలు బండోడికి ముట్టినయి, నీళ్లు మాకు ముట్టలేదు. అదే గ్రానైట్ పాలిష్ అయి, కరీంనగర్ టాన్ బ్రౌన్ పేరుతో గల్ఫ్ ఇళ్ల కిచెన్ గట్ల మీదికి వస్తుంది. దాని మీద చెయ్యి పెట్టి చూడండి. ఒక చుక్క నీళ్లు దిగుతయా?

అయితే పటం చూసి బోరు పాయింట్ పెట్టొచ్చా? పెట్టలేం. లెక్క చూడండి. 1:50,000 అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. మన రెండెకరాల చేను చదరంగా ఉంటే ఒక్కో పక్క 90 మీటర్లు. పటం మీద రెండు మిల్లీమీటర్లు కూడా రాదు, పెసరగింజ కంటే చిన్నది. పటం చెప్పేది మీ ఊరు ఏ రాయి మీద ఉందో, పెద్ద పగుళ్ల గీతలు ఏ దిక్కు పోతున్నయో, లోతుకు పోవడంలో అర్థముందో లేదో. చోటు తేల్చాలంటే చేనులోనే విద్యుత్ నిరోధం కొలిచే సర్వే చేయించాలె. కొబ్బరికాయ పట్టుకొని తిరిగేదానికి ఇచ్చే పైసల కంటే ఎక్కువ అవుతది, వట్టి బోరు కంటే చాలా తక్కువ. జిల్లాలో భూగర్భ జల శాఖ దఫ్తరు ఉంటుంది, ముందు అక్కడ అడగండి.

రాయచోటి తమ్ముడి నాయన అప్పటికే రెండో బోరుకు బండి మాట్లాడిండు. డబ్బు పంపమని రోజూ ఫోను. తమ్ముడు ఒక వారం ఆగమన్నడు. ముసలాయనకు కోపమొచ్చింది. "బయట దేశం పోయి నాకు నేల గురించి చెప్తావా" అన్నడంట. అయినా ఆగిండు. సర్వే చేసిన మనిషి చేనంతా కొలిచి, ఇందులో బోరు వేయదగ్గ చోటు కనబడలేదని చెప్పి పోయిండు.

నీళ్లు పడ్డయి అని చెప్పగలిగితే ఎపిసోడ్ బాగుండేదేమో. పడలేదు. బోరు వేయలేదు కాబట్టి పైసలు మిగిలినయి, అంతే. వాళ్ల నాయన ఇప్పటికీ సంతోషంగా లేడు. తమ్ముడు ఆ డబ్బుతో చెల్లెలి ఫీజు కట్టి, మిగిలింది చేనులో కుంట తవ్వడానికి దాచిండు. పైన మెత్తటి పొరలో వాన నీరు దిగాలంటే కుంటే మంచిదని ఆ సర్వే మనిషే చెప్పిండంట.

మా బాపుకు ఈ పటం నేను ఆలస్యంగా చూపించిన. వీడియో కాల్‌లో రంగులు చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిండు, "ఇది అప్పుడు కూడా ఉండెనా బిడ్డా?" ఉండె బాపు, బీరువాల ఉండె అన్న.

ఈ వారం ఎవరైనా ఇంటికి బోరు పైసలు పంపుతుంటే, పంపేముందు మీ మండలం పేరుతో ఒకసారి ఆ పటం తెరిచి చూడండి. అర్థం కాకపోతే మీ సైట్‌లో ఉన్న ఇంజనీరును అడగండి, చాయ్ తాగించి అడిగితే చెప్తరు. నేనూ అట్లనే నేర్చుకున్నా. వచ్చే శుక్రవారం కలుద్దాం. ఎండలు ముదురుతున్నయి, నీళ్లు తాగండి.